'జెర్సీ' సమీక్ష ఎలా తయారైంది: ఒక కేస్ స్టడీ

2019 ఏప్రిల్ 19న, నాని హీరోగా చేసిన క్రికెట్ సినిమా 'జెర్సీ' విడుదలైంది. ఆ రోజు నేను రాసిన సమీక్ష ఎలా తయారైందో, అందులో ఏది ఎందుకు రాశానో, ఏది ఎందుకు దాచానో, కొంతకాలం తర్వాత దానిమీదే రెండో వ్యాసం ఎందుకు రాయాల్సి వచ్చిందో ఇక్కడ వివరంగా చెబుతాను. సమీక్షలు రాయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది స్పోర్ట్స్ డ్రామాల గురించే. "చివరికి గెలుస్తాడని పోస్టర్ చూస్తేనే తెలిసిపోతుంది కదండీ, ఇంక రాయడానికి ఏముంటుంది?" అంటారు. నా జవాబు ఈ కేసులో ఉంది. ముగింపుతో సహా కథంతా చర్చకు వస్తుంది కాబట్టి, ఇంకా చూడనివాళ్లు సినిమా చూశాక ఇది చదవండి.

థియేటర్‌కి వెళ్లేముందు

ఊహ తెలిసినప్పటి నుంచి సినిమాలే లోకంగా బతికినవాళ్లకు జ్ఞాపకాలే బలం, జ్ఞాపకాలే బరువు కూడా. ఏ కొత్త సినిమాకి వెళ్లినా పాతవి వెంట వస్తాయి. తెలుగులో ఆట చుట్టూ అల్లిన కథలు తక్కువేం కాదు. పరుగుల రాణి అశ్వినీ నాచప్ప తానే తెరమీద పరుగెత్తిన 'అశ్విని' 1991లో వచ్చింది. కిక్ బాక్సింగ్‌తో 'తమ్ముడు' 1999లో, రగ్బీని కాలేజీ గొడవలోకి తెచ్చిన 'సై' 2004లో, పిల్లల క్రికెట్‌తో 'గోల్కొండ హైస్కూల్' 2011లో వచ్చాయి. నాని విషయానికొస్తే, 2010లోనే 'భీమిలి కబడ్డీ జట్టు'లో ఆటగాడిగా చేశాడు. అది తమిళ సినిమాకి రీమేక్, దాని ముగింపూ విషాదమే. అంటే ఆటగాడు నాని మనకు కొత్త కాదు, ఆట కథలో విషాదమూ కొత్త కాదు.

వీటికి తోడు 'జెర్సీ'కి సరిగ్గా రెండు వారాల ముందు, ఏప్రిల్ 5న, 'మజిలీ' వచ్చింది. అందులోనూ హీరో క్రికెట్ వదిలేసినవాడే, అందులోనూ సంసారాన్ని మోసేది భార్యే. ఒకే నెలలో అలాంటి రెండు సినిమాలు వస్తే, పక్కపక్కన పెట్టి ఏది బాగుందో తేల్చేయాలన్న తొందర ఎవరికైనా పుడుతుంది. ఆ పోలికను సమీక్షలోకి రానివ్వకూడదని సినిమా చూడకముందే గట్టిగా అనుకున్నాను. 'మజిలీ'లో క్రికెట్ హీరో పోగొట్టుకున్న యవ్వనానికి గుర్తు మాత్రమే. ఆ కథ పెళ్లి గురించి. 'జెర్సీ' ట్రైలర్ చూస్తే అది తండ్రీకొడుకుల కథ అని అర్థమవుతోంది. పనులే వేరైనప్పుడు రెండింటికీ ఒకే కొలబద్ద వాడటం అన్యాయం.

దర్శకుడు గౌతమ్ తిన్ననూరి అంతకుముందు 2017లో 'మళ్ళీ రావా' తీశాడు. చిన్నప్పటి ప్రేమను మూడు కాలాల్లో, ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పిన సినిమా అది. మనుషులు మాట్లాడకుండా కూర్చునే సన్నివేశాలను ధైర్యంగా పట్టుకుంటాడని అప్పుడే అనిపించింది. ఆ ఒక్క విషయమే గుర్తుపెట్టుకుని లోపలికి వెళ్లాను.

నోట్‌బుక్‌లో రెండు గడులు

ఆట సినిమాలకు నేను వాడే పద్ధతి సులువైనది. పేజీ మధ్యలో నిలువుగా గీత గీస్తాను. ఎడమవైపు 'ఆట', కుడివైపు 'చూపు' అని రాస్తాను. మైదానంలో ఏం జరుగుతోందో ఎడమవైపు. ఆ ఆటను కథలో ఎవరు చూస్తున్నారు, ఫలితం మారితే ఆ చూసే మనిషికి ఏం మారుతుంది అన్నది కుడివైపు. సినిమా అయ్యాక ఏ గడి నిండుగా ఉందో చూస్తాను. దాన్నిబట్టి ఆ సినిమాను దేనితో తూచాలో తెలుస్తుంది.

2001లో వచ్చిన 'లగాన్'నే తీసుకోండి. ఆఖరి మ్యాచ్ గంటకు పైగా నడుస్తుంది. ఊరంతా గట్టు మీదే ఉంటుంది. ఓడితే పన్ను మూడింతలు కట్టాలి, అంటే తిండి ఉండదు. అక్కడ స్కోరే కథ, ఒక్కో పరుగుకీ ఒక్కో మనిషి ఆకలితో లెక్క ఉంది. కాబట్టి ఆ సినిమాకి రాసేటప్పుడు మ్యాచ్‌ను ఎంత బాగా కట్టారన్నదే ముఖ్యం. 2007 నాటి 'చక్ దే ఇండియా'లో కోచ్ ఆడడు, చూస్తాడు. పాత మ్యాచ్‌లో దేశానికి ద్రోహం చేశాడన్న నింద మోసినవాడు అతను. అక్కడ దేశం మొత్తం అతన్ని చూస్తున్న చూపే అసలు బరువు.

'జెర్సీ' అయ్యేసరికి నా పేజీలో ఎడమ గడి నిండా చిన్న చిన్న ముక్కలే ఉన్నాయి. కుడివైపు మాత్రం ఒకే పేరు మళ్లీ మళ్లీ కనిపించింది: నాని. నటుడు నాని చేసిన హీరో పాత్ర పేరు అర్జున్, ఆ అర్జున్ కొడుకు పేరు కూడా నాని. కొడుకు పాత్రను రోనిత్ కమ్రా అనే పిల్లవాడు చేశాడు. అర్జున్ ఒకప్పుడు దేశవాళీ పోటీ అయిన రంజీ ట్రోఫీలో హైదరాబాద్‌కి ఆడిన బ్యాట్స్‌మన్. 1986లో ఆట వదిలేశాడు. ఉన్న ప్రభుత్వోద్యోగం అవినీతి ఆరోపణతో పోయింది. భార్య సారా హోటల్‌లో పనిచేసి ఇల్లు నడుపుతోంది. పుట్టినరోజుకి టీమిండియా జెర్సీ కావాలని కొడుకు అడుగుతాడు. దాని ఖరీదు 500 రూపాయలు. స్నేహితుల దగ్గర అప్పు పుట్టదు. చివరికి భార్య పర్సులో చెయ్యి పెట్టి దొరికిపోతాడు. న్యూజిలాండ్ జట్టుతో ఛారిటీ మ్యాచ్ ఆడమని కోచ్ మూర్తి పిలిస్తే ఒప్పుకోవడం కూడా, ఫీజు వస్తే జెర్సీ కొనొచ్చన్న ఆశతోనే.

లోకంలో తనను తప్పుపట్టనివాడు కొడుకొక్కడే, వాడి కళ్లలో కాస్త తగ్గినా తట్టుకోలేనని అర్జున్ ఒకచోట చెబుతాడు. సినిమా మొత్తానికి అదే తాళంచెవి. స్టేడియంలో ఎంతమంది ఉన్నా అర్జున్‌కి ప్రేక్షకుడు ఒక్కడే. అది తేలాక నా సమీక్షకి ప్రశ్న కూడా తేలిపోయింది. మ్యాచ్ ఎంత ఉత్కంఠగా ఉందని అడగక్కర్లేదు. ఆ పిల్లవాడి చూపుని సినిమా ఎంత నిజాయితీగా నిలబెట్టిందో అడగాలి. మిగతా వాక్యాలన్నీ ఈ ప్రశ్నకు జవాబులుగానే రాశాను.

చరిత్రతో సరిచూడటం

పెద్దవాడైన కొడుకు, తండ్రి మీద వచ్చిన పుస్తకంతో కథ మొదలవుతుంది కాబట్టి, ఇది ఎవరి నిజజీవితమో అయి ఉంటుందని హాల్లోనే గుసగుసలు వినిపించాయి. 1998లో ఢాకాలో ఫీల్డింగ్ చేస్తూ తలకు బంతి తగిలి చనిపోయిన రమణ్ లాంబా కథ అని కూడా ప్రచారం సాగింది. ఇలాంటి మాటల్ని సమీక్షకుడు అలాగే మోసుకురాకూడదు. రికార్డు చూస్తే విషయం తేలిపోతుంది. హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచింది రెండేసార్లు: 1937-38లో ఒకసారి, 1986-87లో ఒకసారి. అర్జున్ చివరి సీజన్‌గా సినిమా చూపించే 1996-97లో నిజంగా ట్రోఫీ ఎత్తింది ముంబై. కాబట్టి ఇది కల్పిత కథ, ఆ మాట సమీక్షలో స్పష్టంగా రాశాను.

హైదరాబాద్ క్రికెట్‌ని ప్రేమించేవాళ్లకు ఇందులో గుండె కలుక్కుమనే విషయం ఒకటుంది. అర్జున్ ఆట వదిలేసింది 1986లో. నిజజీవితంలో ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో హైదరాబాద్ ఫైనల్లో ఢిల్లీని దాటి ట్రోఫీ తెచ్చింది సరిగ్గా ఆ 1986-87 సీజన్‌లోనే. దర్శకుడు కావాలనే ఆ ఏడాదిని ఎంచుకున్నాడో లేదో గానీ, చరిత్ర తెలిసినవాళ్లకు అర్జున్ నష్టం రెట్టింపుగా కనిపిస్తుంది.

ఇంకొక లెక్క కూడా వేసుకున్నాను. 1996లో అర్జున్ వయసు 36. భారత జట్టుకి అప్పటిదాకా కెప్టెన్‌గా ఉన్న మన అజారుద్దీన్ వయసు అప్పుడు 33. అదే ఏడాది నవంబరులో అహ్మదాబాద్‌లో దక్షిణాఫ్రికా మీద తొలి టెస్టు ఆడిన హైదరాబాద్ బ్యాట్స్‌మన్ వి.వి.ఎస్. లక్ష్మణ్‌కి 22. అంటే పదేళ్లు బ్యాట్ ముట్టని అర్జున్, భారత కెప్టెన్ కంటే పెద్ద వయసులో, లక్ష్మణ్ లాంటి కుర్రాళ్లతో పోటీపడి జట్టులోకి రావాలి. "36 ఏళ్లకి క్రికెటా?" అని పాత్రలు పదేపదే అనడం ఎలివేషన్ కోసం రాసిన డైలాగ్ అనుకుంటే పొరపాటు. హైదరాబాద్ క్రికెట్‌లో ఆ ఏడాది అది నిజంగానే దాదాపు అసాధ్యం.

జెర్సీ అన్న వస్తువు గురించి కూడా కాస్త చెప్పాలి. అర్జున్ ఆడిన రంజీ అంటే తెల్ల బట్టలు, ఎర్ర బంతి. ప్రపంచ కప్‌లో రంగు దుస్తులు వచ్చింది 1992లో. 1996 ప్రపంచ కప్ మన దగ్గరే జరిగింది కాబట్టి, ఆ రంగులు ఇంటింటి టీవీలోకి వచ్చాయి. అంటే జెర్సీ మీద మోజు కొడుకు తరానిది, తండ్రి తరానికి అది లేదు. తాను ఎన్నడూ కోరుకోని వస్తువు కోసం తండ్రి వీధివీధీ తిరుగుతాడు. ఈ వివరం సమీక్షలో ఒకే వాక్యంగా పెట్టాను. ఇంకా రాయాలని మనసు లాగింది గానీ, విడుదల రోజు చదివేవాళ్లకు ముందు కావలసింది సినిమా చూడాలా వద్దా అన్న జవాబు.

రైలు హోరులో కలిసిపోయిన కేక

ఈ సినిమా గురించి ఎవరితో మాట్లాడినా ముందు చెప్పేది రైల్వే స్టేషన్ సన్నివేశమే. రంజీ జట్టులోకి ఎంపికైనట్టు తెలిశాక అర్జున్ స్టేషన్‌కి వెళ్తాడు. ప్లాట్‌ఫాం మీద నిలబడి రైలు కోసం ఎదురుచూస్తాడు. రైలు హోరుతో దూసుకొచ్చినప్పుడు, ఆ హోరులో తన గొంతు కలిసిపోయేలా అరుస్తాడు. రైలు వెళ్లిపోయేసరికి మళ్లీ మామూలు మనిషి.

హాల్లో చప్పట్లు, ఈలలు. నా పక్క సీటాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. అప్పుడు నా నోట్‌బుక్ చూసుకున్నాను. ఎడమ గడి ఖాళీ, ఎందుకంటే ఆట లేదు. కుడి గడి కూడా ఖాళీ, ఎందుకంటే చూసేవాళ్లు లేరు. సినిమా మొత్తంలో రెండు గడులూ ఖాళీగా ఉన్న ముఖ్య సన్నివేశం అదొక్కటే. ఈ ఖాళీయే ఆ సన్నివేశం బలం అని అప్పుడు అర్థమైంది. అంతవరకు అర్జున్ చేసినవన్నీ కొడుకు చూపు కోసమే: ఛారిటీ మ్యాచ్, అప్పు కోసం తిరగడం, చివరికి దొంగతనం కూడా. ఇక్కడ కొడుకు లేడు, భార్య లేదు, కోచ్ లేడు. ఉన్న మనుషులకు కూడా వినపడకూడదనే రైలు కోసం ఆగాడు. ఆ కేక పూర్తిగా అతనిది. పదేళ్లుగా నొక్కిపెట్టుకున్న సంతోషం బయటికి రావడానికి కూడా చాటు వెతుక్కున్నాడంటే, ఆ మనిషి ఎంత సిగ్గుతో, ఎంత భయంతో బతికాడో ఒక్క మాట లేకుండా తెలిసిపోతుంది.

ఇలాంటి సన్నివేశానికి సమీక్షలో "గూస్‌బంప్స్" అని రాసి వదిలేయడం సులువు. అలా రాస్తే సినిమా చూసినవాళ్లకు తెలిసిందే మళ్లీ చెప్పినట్టవుతుంది. అది ఎందుకు పనిచేసిందో చెప్పగలిగితేనే సమీక్షకి అర్థం. నేను రాసింది ఇది:

"అర్జున్ గెలుపుని ఈ సినిమా స్టేడియంలో కంటే ముందు ప్లాట్‌ఫాం మీద చూపిస్తుంది. అక్కడ స్కోరు లేదు, గ్యాలరీ లేదు, కొడుకు కూడా లేడు. ఎవరి కోసమో ఆడటం మొదలుపెట్టిన మనిషి తన కోసం కూడా ఆడుతున్నాడని అతనికే తెలిసిన క్షణం అది. అనిరుధ్ సంగీతం, సాను వర్గీస్ కెమెరా, నాని గొంతు మూడూ ఒకదాన్ని ఒకటి తోసుకోకుండా కలిసి నడిచిన చోటు కూడా అదే."

రహస్యం ఉన్న సినిమాకి వాక్యాలు రాయడం

ఈ కేసులో ఎక్కువ సమయం తీసుకున్న పని ఇదే. 'జెర్సీ'కి చివర్లో ఒక మలుపు ఉంది. సెలెక్షన్ రాజకీయాలతో విసిగి, అహంతో ఆట వదిలేశాడని మనం అనుకున్న అర్జున్, నిజానికి గుండె లయ తప్పే జబ్బు వల్ల వదిలేశాడని తెలుస్తుంది. ఆడితే ప్రాణానికే ముప్పని తెలిసి కూడా 36 ఏళ్లకి మళ్లీ బ్యాట్ పట్టుకున్నాడు. ఆఖరి మ్యాచ్ ఆడాక చనిపోయాడు.

స్పాయిలర్ ఇవ్వకపోవడం ఒక్కటే ఇక్కడ సమస్య అయితే ఆ మలుపు గురించి నోరెత్తకుండా ఉంటే సరిపోయేది. చిక్కు వేరే. మొదటి సగంలో అర్జున్ బద్ధకస్తుడిలా, మొండివాడిలా, బాధ్యత లేనివాడిలా కనిపిస్తాడు. "బాధ్యత లేని భర్త మారిన కథ" అని రాస్తే, సినిమా చూడనివాళ్లకు అది సరైన వర్ణనే. చూశాక మళ్లీ చదివితే మాత్రం అబద్ధం. "ఒక రహస్యాన్ని మోస్తున్న మనిషి" అని రాస్తే, చూశాక నిజం. చూడకముందు చదివితే మలుపు బయటపెట్టినట్టే.

కాబట్టి నాకు నేను ఒక షరతు పెట్టుకున్నాను. అర్జున్ గురించి రాసే ప్రతి వాక్యమూ, సినిమాకి ముందు చదివినా తర్వాత చదివినా నిజంగానే ఉండాలి. "అర్జున్ ఎందుకు ఆట వదిలేశాడో ఇంట్లోవాళ్లకు ఒక కారణం తెలుసు, అతనికి ఇంకొకటి తెలుసు" అని మొదట రాశాను. అది మరీ ఎక్కువ చెప్పేస్తోందని కొట్టేశాను. "లోకం ఓడిపోయాడని తేల్చేసిన మనిషి" అన్నది నిలబడింది. లోకం అలా తేల్చిన మాట రెండు చూపుల్లోనూ నిజమే, లోకం తీర్పు సరైనదో కాదో ఆ మాట చెప్పదు. మూర్తి పిలిచినప్పుడు అర్జున్ మొదట వద్దనడాన్ని "మొండితనం" అని రాయలేదు, "వెనకాడటం" అని రాశాను. మొండితనం అంటే సమీక్షకుడు ముందే తీర్పు ఇచ్చేసినట్టు. వెనకాడటం అంటే అతను చేసిన పని మాత్రమే.

మలుపు ఉన్న ఏ సినిమాకైనా ఈ పద్ధతి పనికొస్తుంది. రాసిన ప్రతి పేరానీ, కథ పూర్తిగా తెలిసిన ప్రేక్షకుడిగా ఒకసారి, ఏమీ తెలియని ప్రేక్షకుడిగా ఒకసారి చదువుకోవాలి. మొదటివాడికి మోసంగా అనిపించకూడదు, రెండోవాడి సరదా పోకూడదు. సమయం పడుతుంది నిజమే. మొదటి ఆట అయిపోయేలోపే సమీక్షలు వచ్చేస్తున్న ఈ రోజుల్లో ఇంత ఓపిక ఎవరికి ఉంటుందని అడగొచ్చు. నా మట్టుకు, ఎవరో ప్రాణం పెట్టి దాచిన విషయాన్ని నా తొందర కోసం పాడుచేసే హక్కు నాకు లేదు.

బ్యాట్ పట్టిన చెయ్యి

ఆట సినిమాల్లో ఎడిటింగ్‌తో దాచేసే పద్ధతి ఒకటుంది. బౌలర్ చెయ్యి ఒక షాట్, బ్యాట్ క్లోజప్ ఒక షాట్, బౌండరీ దాటే బంతి ఒక షాట్. మూడూ కలిపితే హీరో సిక్స్ కొట్టినట్టే ఉంటుంది గానీ, హీరో బంతిని ఎదుర్కొన్నాడన్న నమ్మకం కలగదు. అందుకే బంతి, బ్యాట్, హీరో మొహం ఒకే ఫ్రేములో ఎన్నిచోట్ల ఉన్నాయో ముందు చూస్తాను. 'జెర్సీ'లో అవి చాలినన్ని ఉన్నాయి. నాని నిలబడే తీరులో, అడుగు ముందుకేసే తీరులో సాధన కనిపిస్తుంది. పైగా పదేళ్ల విరామం తర్వాత ఆడే మనిషి ఒంట్లో ఉండే బిగువు, ఆయాసం కూడా ఉన్నాయి. అవి నటనగా చూశాను, ముగింపు తెలిశాక ఆ ఆయాసానికి ఇంకో అర్థం వచ్చింది.

సత్యరాజ్ మూర్తి పాత్రలో ఎక్కడా కోచ్ స్పీచ్ ఇవ్వడు. ఈ తరహా కథల్లో అది అరుదు. శ్రద్ధా శ్రీనాథ్ సారాగా కోపాన్ని ఎంత నిజంగా చేసిందంటే, పర్సు సన్నివేశంలో ఎవరి పక్షం తీసుకోవాలో తెలియక ప్రేక్షకుడు ఇరుక్కుపోతాడు.

లోపాల దగ్గరికొస్తే, రెండో సగంలో రంజీ మ్యాచ్‌లు ఒకదానికొకటి నకళ్లలా సాగాయి. మాంటేజ్, స్కోరు, చప్పట్లు, మళ్లీ మాంటేజ్. నవీన్ నూలి కూర్పు వాటిని వేగంగానే లాగింది. రెండేళ్ల తర్వాత, 2021లో ప్రకటించిన 67వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ ఎడిటర్‌గా ఆయనకు, ఉత్తమ తెలుగు చిత్రంగా సినిమాకి గుర్తింపు వచ్చినప్పుడు మనస్ఫూర్తిగా సంతోషించాను. అయినా ఆ మ్యాచ్‌ల గురించి నా అభిప్రాయం మారలేదు. నాలుగు రోజుల రంజీ మ్యాచ్‌కి దానిదైన టెన్షన్ ఉంటుంది. డ్రా అయితే మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో, అంటే అందులో ఎక్కువ పరుగులు చేసి, నాకౌట్ గెలిచే పద్ధతి, రోజంతా క్రీజులో పాతుకుపోయి ఆడే ఓపిక, ఖాళీ గ్యాలరీలు, ఎండ. 1986-87 ఫైనల్ కూడా హైదరాబాద్ మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతోనే గెలిచింది. కొడుకు ఒక్కడి చూపు మీద నిలబడ్డ ఈ కథకి ఆ ఖాళీ గ్యాలరీలు ఎంత బాగా కుదిరేవి! సినిమా వాటిని వదిలేసి, వన్డే మ్యాచ్‌ల హడావుడిని ఎంచుకుంది. సమీక్షలో ఈ విషయాన్ని మొహమాటం లేకుండా రాశాను.

రేటింగ్ విషయం ఎక్కువ చెప్పను. ఐదుకి నాలుగు ఇచ్చాను. ఆ సంఖ్య వేసేది పాఠకుడి సౌకర్యం కోసం. దానికంటే ముందు చదవాల్సింది దాని పైనున్న పేరాలు.

సారా వైపు నుంచి రెండో వ్యాసం

విడుదల రోజు రాయలేనిది ఒకటి మిగిలిపోయింది. మలుపు బయటపెట్టకుండా దాన్ని చెప్పడం కుదరదు. ఆడితే చనిపోవచ్చని తెలిసి ఒక మనిషి ఆడాడు. తన కల కోసం, కొడుకు కళ్లలో నిలబడటం కోసం ఆడాడు. మరి దాని మూల్యం కట్టింది ఎవరు? సారా. తన జీతంతో ఇల్లు లాగింది ఆమె, ఆ తర్వాత భర్త లేకుండా కొడుకుని పెంచిందీ ఆమే. సినిమా చివర్లో అర్జున్‌కి గౌరవం దక్కుతుంది, కొడుకు గర్వపడతాడు. మనమూ ఏడుస్తాం. ఆ కన్నీళ్ల మధ్య సారా కోల్పోయినదాని దగ్గర కెమెరా ఎక్కువసేపు నిలబడదు. హీరో త్యాగం అంత అందంగా కనిపించడానికి ఆమె దుఃఖం పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. నేను ఎంతో ప్రేమించిన ఈ సినిమాలో నన్ను ఇప్పటికీ ఇబ్బందిపెట్టేది అదే.

జాతీయ అవార్డు వచ్చాక, చూడాల్సినవాళ్లందరూ చూసేశారన్న నమ్మకంతో, రెండో వ్యాసం సారా వైపు నుంచి రాశాను. మొదటిసారి ఆమె కోపం మనకు అర్జున్ వైపు నుంచి కనిపిస్తుంది, కఠినంగా అనిపిస్తుంది. ముగింపు తెలిసి రెండోసారి చూస్తే, తనకు తెలియని ఒక నిజం చుట్టూ సంసారాన్ని నడిపిన మనిషి కోపంలా కనిపిస్తుంది. తెల్లారి డ్యూటీకి వెళ్లాల్సిన మనిషి డబ్బు లెక్కపెట్టుకోవడంలో ఉన్న అలసట అప్పుడు తెలుస్తుంది. ఆ వ్యాసానికి వచ్చిన ఉత్తరాల్లో చాలామంది ఆడవాళ్లు, సినిమా చూసినప్పుడు తమకు కలిగిన ఇబ్బంది ఏమిటో అప్పుడు అర్థమైందని రాశారు. కొందరు మగవాళ్లు నేను మంచి సినిమాని తక్కువ చేశానని కోప్పడ్డారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. అర్జున్‌లో వాళ్లందరికీ తమ తండ్రే కనిపిస్తాడు.

2022 ఏప్రిల్ 22న అదే దర్శకుడు షాహిద్ కపూర్‌తో తీసిన హిందీ 'జెర్సీ' విడుదలైంది. కథను పంజాబ్ వైపు మార్చారు. కొడుకు పాత్రలో మళ్లీ రోనిత్ కమ్రానే. ఒకే కథ, ఒకే దర్శకుడు, ఒకే పిల్లవాడు. సమీక్షకుడికి ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు. స్టేషన్ సన్నివేశం అక్కడా ఉంది, షాహిద్ బాగా చేశాడు కూడా. నా రెండు గడులూ మళ్లీ ఖాళీగానే ఉన్నాయి, కేక మళ్లీ పనిచేసింది. సారా స్థానంలో వచ్చిన విద్యకి, అంటే మృణాల్ ఠాకూర్ పాత్రకి, చివర్లో దక్కాల్సిన చోటు అక్కడా పెరగలేదు. కాబట్టి ఆ వెలితి ఫలానా నటి వల్లో, ఫలానా భాష వల్లో వచ్చింది కాదు, కథ కట్టడంలోనే ఉందని తేలింది.

రెండో వ్యాసం తర్వాత నా నోట్‌బుక్ పేజీలో మూడో గడి వచ్చింది: 'మూల్యం'. ఆ మూడు గడులతో, 'జెర్సీ' వచ్చిన ఏడాదే విడుదలైన మరో రెండు తెలుగు సినిమాలను మళ్లీ చూశాను. 'కౌసల్య కృష్ణమూర్తి'లో క్రికెట్ ఆడేది కూతురు, చూసేది అప్పుల్లో ఉన్న రైతు తండ్రి. అక్కడ మూల్యం గడిలో ఇద్దరి పేర్లూ రాయాల్సి వచ్చింది, సినిమా కూడా ఇద్దరినీ చూపిస్తుంది. 'డియర్ కామ్రేడ్'లో ఆటగత్తె లిల్లీ. ఆమె మీద జరిగిన వేధింపు గురించి ఆమె నోరు విప్పాలని పట్టుపట్టేది హీరో బాబీ. చూపు గడిలో బాబీ పేరు, మూల్యం గడిలో లిల్లీ పేరు. ఆ రెండు పేర్ల మధ్య దూరాన్ని సినిమా ఎంతవరకు గుర్తించిందన్నది ఇప్పుడు రాస్తున్న వ్యాసంలో తేల్చుకోవాల్సిన విషయం.